కాళ్ళకు స్వేచ్ఛ, నోటికి తాళం

కథాప్రియుడు: సూటిగా అడుగుతాను. ఒక మనిషి కళ్ళెదుటే జీవిత భాగస్వామిని కాల్చి చంపారు. ఒళ్ళో ఉన్న పసివాణ్ణి ఎత్తుకుపోయారు. ఆ మనిషి నేలమాళిగలోంచి బయటపడగానే ఏం చేయాలి? ఫాలౌట్ 4 ఆడేవాళ్ళలో నేను చూసినవాళ్ళంతా పాడుబడ్డ ఇళ్ళల్లో దూరి టేబుల్ ఫ్యాన్లు ఏరుకుంటున్నారు. డక్ట్ టేప్ చుట్ట కనిపిస్తే పండగ చేసుకుంటున్నారు. బెథెస్డా వాళ్ళు 2015 నవంబరు 10న విడుదల చేసిన ఈ ఆట బిడ్డను పోగొట్టుకున్న తండ్రి కథగా మొదలై, గంట తిరక్కుండా పాత సామాన్ల వేటగా మారిపోయింది. నా ఫిర్యాదు ఇక్కణ్ణించే మొదలు.

దిమ్మరి: ఆ ఫ్యాన్లు ఏరినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోను. అయితే ఎందుకు ఏరతామో కూడా చెప్పాలి కదా. ఈ ఆట ప్రతి వస్తువు కడుపులో ఏముందో లెక్క కట్టింది. ఫ్యాను విప్పితే మరలు, పళ్ళచక్రాలు, ఉక్కు. టేపులో బంక. తుపాకీకి మెరుగైన గొట్టం బిగించాలంటే ఆ మరలు కావాలి, ఆ బంకా కావాలి. బంక దొరక్కపోతే మొక్కజొన్న, టాటో, మట్‌ఫ్రూట్ పండించి, శుభ్రమైన నీళ్ళు పోసి పొయ్యి మీద గంజి కాచుకోవచ్చు, ఆ గంజే బంకగా పనికొస్తుంది. అణుయుద్ధం అయిపోయిన 210 ఏళ్ళకు మనిషి ఎలా బతుకుతాడో ఇంత వివరంగా చేతికిచ్చిన ఆటలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

కథాప్రియుడు: లేవనే ఒప్పుకుంటాను. మనిషి ఎలా బతుకుతాడన్న ప్రశ్న మీది. నా కొడుకు ఎక్కడన్నది ఆ తండ్రి ప్రశ్న. రెండింటినీ ఒకే ఆటలో పెట్టి, రెండోదాన్ని గాలికొదిలేశారు. 1997లో ఇంటర్‌ప్లే తెచ్చిన మొదటి ఫాలౌట్ గుర్తు చేసుకోండి. మన వాళ్ళు తలదాచుకున్న వాల్ట్ 13లో నీళ్ళను శుద్ధి చేసే యంత్రం చిప్ పాడైపోతుంది. 150 రోజుల్లో కొత్తది తేవాలి. తేలేకపోతే అందరూ దాహంతో పోతారు, ఆట అక్కడితో సరి. నీళ్ళ వర్తకులతో బేరం కుదిరితే ఇంకో 100 రోజులు కలిసొస్తాయి. అక్కడ ఊరికే తిరిగిన ప్రతి రోజుకీ మూల్యం ఉంది. ఇక్కడ ఆ కొడుకు షాన్ మీరు ఎప్పుడొస్తే అప్పటిదాకా ఎదురు చూస్తూనే ఉంటాడు. మీరు పదేళ్ళు గంజి కాచినా అతని కథలో ఒక్క పూట గడవదు.

దిమ్మరి: అదే మొదటి ఆటలో మ్యూటెంట్ల దాడికి పెట్టిన రెండో గడువును తర్వాత ప్యాచ్‌తో దాదాపు ఎత్తేశారన్న సంగతీ చెప్పండి మరి. గడువు నెత్తి మీద కూర్చుంటే ఆటగాడు దారి పక్కన ఏముందో చూడడు. పైగా ఈ నేరం ఫాలౌట్ 4 ఒక్కదానిదేనా? అదే ఏడాది వచ్చిన ది విచర్ 3 కథకు మీలాంటివాళ్ళంతా హారతులు పట్టారు. అందులో గెరాల్ట్ కూడా కూతురిలాంటి సిరిని వెతకడానికే బయల్దేరాడు. మరి ఊరూరా సత్రాల్లో కూర్చుని గ్వెంట్ అనే కార్డులాట ఆడుతూ ఎందుకు పొద్దుపుచ్చుతాడు? తలుపులన్నీ తెరిచిన ప్రపంచం ఇస్తే ఏ కథైనా ఆగి ఎదురు చూడాల్సిందే. అది ఈ తరహా ఆటలన్నిటికీ ఉన్న బలహీనత.

కథాప్రియుడు: మంచి దెబ్బ. కాదనను. కానీ గెరాల్ట్ దారి తప్పి వెళ్ళిన చోటల్లా ఇంకో తండ్రి కథో, ఇంకో బిడ్డ కథో ఎదురవుతుంది. పక్కదారి కూడా అసలు బాధకే దారి తీస్తుంది. ఫాలౌట్ 4లో పక్కదారి ఎక్కడికి తీసుకెళ్తుంది? ప్రెస్టన్ గార్వీ దగ్గరికి. పాపం మంచివాడే. కాంకర్డ్ మ్యూజియంలో అతణ్ణీ అతని మనుషుల్నీ కాపాడి, ఒక ఊరికి సాయం చేయగానే మిమ్మల్ని ఏకంగా మినిట్‌మెన్ దళానికి జనరల్‌ని చేస్తాడు. ఆ మరుక్షణం నుంచి ఇంకో ఊరికి ఆపదొచ్చిందంటూ మీకే పనులు పురమాయిస్తాడు. అవి మనిషి రాసిన కథలు కావు. ఊరి పేరు, శత్రువు పేరు మార్చి యంత్రం ఎప్పటికప్పుడు పుట్టించేవి, వాటికి అంతు లేదు. ప్రపంచమంతా ఆటగాళ్ళు అతని మీద జోకులేసుకున్నారంటే ఊరికే వేసుకోలేదు.

దిమ్మరి: ప్రెస్టన్ విషయంలో నేను వాదించను. ఓడిపోయే కేసు. కానీ మీరు అతని వెంట వెళ్ళకుండా మీ కాళ్ళు లాగిన వైపు వెళ్ళి చూశారా? ఈ ఆట బోస్టన్‌లో జరుగుతుంది. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. చుట్టాలొస్తే వాళ్ళు తీసుకెళ్ళి చూపించే ఫ్రీడమ్ ట్రైల్ ఎర్రగీత ఆటలోనూ నేల మీద ఉంటుంది. దాన్ని పట్టుకుని నడిస్తే ఒక్కో చారిత్రక స్థలం దగ్గర ఒక్కో అక్షరం దొరుకుతుంది. గీత చివర ఓల్డ్ నార్త్ చర్చి. 1775లో బ్రిటిష్ సేనల కదలిక తెలిపేందుకు రెండు లాంతర్లు వెలిగించిన గుడి అది. దాని కింద నేలమాళిగలో ఒక రహస్య దళం ఉంటుంది, మనుషుల్లా తయారుచేసిన సింత్‌లను చెర నుంచి తప్పించేది వాళ్ళే. దారిలో పోగుచేసిన అక్షరాలే వాళ్ళ తలుపు తెరిచే మాట. బానిసలను తప్పించిన నాటి అమెరికా రహస్య మార్గాల పేరే ఆ దళం పెట్టుకుంది. ఇవన్నీ ఒక్క పాత్రా నోరు విప్పి ఉపన్యాసం ఇవ్వకుండానే మీకు తెలుస్తాయి.

కథాప్రియుడు: ఆ నడక నాకూ ఇష్టమే. ఫెన్వే పార్కు బేస్‌బాల్ మైదానంలో గోడల మధ్య డైమండ్ సిటీ అనే ఊరు కట్టడం చక్కని ఊహ. థోరో కుటీరం కట్టుకుని బతికిన వాల్డెన్ చెరువు దగ్గర జ్ఞాపికల దుకాణం అడుగున దోపిడీ ముఠా కాపురం పెట్టడం చూసి నవ్వుకున్నాను. ఆ రచయిత వ్యాసం గాంధీగారి మీద చూపిన ప్రభావం తెలిసినవాడికి ఆ నవ్వు వెంటనే చేదవుతుంది కూడా. స్థలాలు ఎంచుకోవడంలో వీళ్ళను తప్పుపట్టలేను.

దిమ్మరి: అయితే ఇంకొంచెం లోపలికి రండి. వాల్ట్ 95 అని ఒకటుంది. మత్తుకు బానిసలైనవాళ్ళను బాగుచేస్తామని అందులోకి తీసుకున్నారు. నిజంగానే బాగుపడ్డారు. అయిదేళ్ళయ్యాక, వాళ్ళలోనే కలిసిపోయి బతుకుతున్న, వాల్ట్‌లు కట్టిన వాల్ట్-టెక్ కంపెనీ మనిషి ఒకడు దాచి ఉంచిన మత్తుమందుల గది తెరిచాడు. ఏం జరుగుతుందో చూడటమే ఆ ప్రయోగం. ఈ కథ మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. కంప్యూటర్ తెర మీద మిగిలిన నాలుగు నమోదులు, మూలల్లో పడున్న అస్థిపంజరాలు, వాటి పక్కన ఖాళీ సిరంజిలు. మీరే పేర్చుకోవాలి. మంచి కథకుడు పాఠకుడికి వదిలే ఖాళీ అంటారే, అది ఈ ఆటలో గదిగదికీ ఉంది.

కథాప్రియుడు: ఎముకలతో కథ చెప్పడంలో వీళ్ళను మించినవాళ్ళు లేరు, ఒప్పుకున్నాను. చిక్కల్లా బతికున్న మనుషులతోనే. బాంబులు పడింది 2077 అక్టోబరు 23న, కథ నడిచేది 2287లో. రెండొందల పదేళ్ళు! మనుషులు కాపురముంటున్న ఇళ్ళల్లో కూడా పాత చెత్త అలాగే పడుంటుంది, కప్పులకు చిల్లులు అలాగే ఉంటాయి. ఇన్ని తరాల్లో ఒక్కరూ చీపురు పట్టలేదా? దుకాణం అరల్లో రెండు శతాబ్దాల నాటి తిండి డబ్బాలు ఇంకా మిగిలే ఉంటాయి. ఒక కుర్రాడైతే బాంబులు పడ్డ రోజున ఫ్రిజ్‌లో దాక్కుని, తిండీ నీళ్ళూ లేకుండా 210 ఏళ్ళు అందులోనే ఉండి, మీరు తలుపు తీయగానే అమ్మా నాన్నల దగ్గరికి తీసుకెళ్ళమంటాడు. వాళ్ళూ అక్కడికి దగ్గర్లోనే బతికే ఉంటారు. లోకాన్ని నమ్మమని అడిగేవాళ్ళు ఆ లోకం నియమాలను ముందు తాము నమ్మాలి.

దిమ్మరి: ఆ ఫ్రిజ్ కుర్రాడి సంగతి నాకూ మింగుడు పడదు. చీపురు సంగతికి మాత్రం నా దగ్గర జవాబుంది. ఈ లోకం మన చరిత్రలోంచి పుట్టింది కాదు. 1950ల నాటి అమెరికా తన భవిష్యత్తు గురించి కన్న కల ఉంది చూశారూ, అది కాలిపోయాక మిగిలిన బూడిద ఇది. అందుకే 2077లోనూ కార్ల ఆకారం పాతదే, టీవీలు డబ్బాల్లాంటివే, రేడియోలో ఇంక్ స్పాట్స్ వాళ్ళ పాటలే. ఆ కల ఆగిపోయిన క్షణాన్ని కదలకుండా పట్టి ఉంచాలనుకున్నారు. ఊడ్చేస్తే ఆ క్షణం పోతుంది. వాస్తవికత తక్కువే, ఒప్పుకుంటాను. ఆ వాతావరణం మాత్రం ఇంకెక్కడా దొరకదు.

కథాప్రియుడు: సరే, వాతావరణం మీకు వదిలేస్తున్నాను. ఇప్పుడు నా అసలు ఆరోపణ వినండి. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్. పాత్రను మనం మలుచుకోవాలి, అంటే ఏం మాట్లాడాలో మనం ఎంచుకోవాలి. ఈ వరుసలో మొదటిసారి కథానాయకుడికి గొంతు ఇచ్చారు. మగ, ఆడ గొంతులకు ఒక్కొక్కరి చేత 13 వేలకు పైగా వాక్యాలు చదివించారు. ఖర్చు గొంతుకు పోయాక మాటకు మిగిలిందేంటి? ఏ సంభాషణలోనైనా నాలుగే ఎంపికలు. వాటి మీద కనిపించేది ఒకటి రెండు ముక్కలు. వెటకారం అన్నచోట నొక్కితే ఆ మనిషి సరదాగా అంటాడో గుండెలో గునపం దింపుతాడో పలికేదాకా తెలీదు. పూర్తి వాక్యం తెర మీద చూపించే మాడ్‌ను అభిమానులే తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఎక్కువచోట్ల ఆ నాలుగింటి అర్థం ఒప్పుకుంటాను, వెక్కిరిస్తూ ఒప్పుకుంటాను, ఇంకా చెప్పు, తర్వాత ఒప్పుకుంటాను. నాలుగు తలుపులున్నా బస్సు వెళ్ళేది ఒకే ఊరికి. కాళ్ళకు ఇచ్చిన స్వేచ్ఛ నోటికి ఇవ్వలేదు.

దిమ్మరి: ఈ ఒక్క మాటకు మీకు దండం పెట్టాల్సిందే. సంభాషణ పలచబడింది, వాస్తవం. కానీ ఆ గొంతు వల్ల ఒరిగింది కూడా లేకపోలేదు. వాల్ట్ నుంచి ఇంటికి తిరిగొచ్చి, పాత మరమనిషి కోడ్స్‌వర్త్‌ను చూసినప్పుడు ఆ తల్లి గొంతో తండ్రి గొంతో వణకడం నాకు గుర్తుండిపోయింది. అక్షరాల్లో చదివితే ఆ వణుకు రాదు. సిల్వర్ ష్రౌడ్ సంగతి మర్చిపోయారా? పాత రేడియో నాటకంలోని వీరుడి వేషం వేసుకుని గుడ్‌నైబర్ అనే ఊరి వీధుల్లో తిరుగుతారు. శత్రువు ఎదురైతే ఆ వీరుడి గొంతుతో, నాటకం ఫక్కీలో డైలాగు కొట్టొచ్చు. ఎదుటివాడు హడలిపోయినా, ఇదేం పిచ్చి అని నవ్వినా, మీరు ఆ వేషంలో ఉన్నారని ఆట గుర్తు పెట్టుకుంటుంది. పాత్రధారణ అంటే ఇంతకన్నా ఏం కావాలి?

కథాప్రియుడు: సిల్వర్ ష్రౌడ్ నాకూ ముద్దే. అందుకే కోపం ఇంకా ఎక్కువ. ఒక్క పక్కకథలో చేయగలిగినవాళ్ళు అసలు కథలో ఎందుకు చేయలేదు? మొదటి ఫాలౌట్ చివర్లో మాస్టర్ అనే మహాశత్రువు ఉంటాడు. అతను సృష్టించిన జాతికి సంతానం కలగదని ఆధారాలు ముందుపెట్టి ఒప్పించగలిగితే, తాను కట్టుకున్న కల అబద్ధమని తెలిసి తనంతట తానే ప్రాణం తీసుకుంటాడు. ఒక్క తూటా పేల్చక్కర్లేదు. 2010లో ఒబ్సిడియన్ సంస్థ సుమారు 18 నెలల్లో తయారుచేసిన న్యూ వేగస్‌లో హూవర్ డ్యామ్ దగ్గర ఎదురయ్యే సేనానిని కూడా మాటల నేర్పుతో వెనక్కి పంపొచ్చు. ఫాలౌట్ 4లో ఎంత మాటకారినైనా పెంచుకోండి, చివరికి తుపాకీ తీయాల్సిందే. అంతకు ముందు ఆటల్లో ఉన్న వాక్చాతుర్యం, తాళాలు తెరవడం, వైద్యం లాంటి నైపుణ్యాల పాయింట్లను తీసేసి, ఏడు గుణాల కింద పదేసి చొప్పున 70 పెర్క్‌ల పట్టిక పెట్టారు. వాటిలో ఎక్కువ భాగం దేనికి? ఎలా చంపాలి, ఎలా తయారుచేయాలి. ఎలా ఒప్పించాలన్నదానికి చోటు కుంచించుకుపోయింది.

దిమ్మరి: మీరు నోటి గురించి అడుగుతున్నారు. నేను చేతుల గురించి చెబుతాను. ఈ ఆటలో ఆటగాడు తన మాటను చేతులతో చెబుతాడు. బాంబులు పడే రోజు ఉదయం వాల్ట్-టెక్ కంపెనీ సేల్స్‌మన్ ఒకడు మీ తలుపు కొట్టి వాల్ట్‌లో చోటు ఖాయం చేసి పోతాడు. ఆ తర్వాత కాసేపటికే మీరు వాల్ట్ వైపు పరిగెత్తేటప్పుడు, జాబితాలో పేరు లేదని వాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారు. 210 ఏళ్ళకు గుడ్‌నైబర్‌లోని పాత హోటల్ గదిలో, రేడియేషన్‌కు చర్మం కాలిపోయిన ఘౌల్‌గా వాడే మళ్ళీ కనిపిస్తాడు. మీ పాత వీధికి రమ్మని పిలవొచ్చు. ఇల్లు కట్టి, మంచం వేసి, దుకాణం పెట్టించొచ్చు. అందరికీ చోటు అమ్మి తనకు చోటు దొరకనివాడికి చోటు చూపించడం మీ నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఏ డైలాగూ మెచ్చుకోదు, ఏ కార్మా లెక్కా పెరగదు. అలా ముప్పై దాకా స్థలాల్లో పొలం వేయొచ్చు, బావి తవ్వొచ్చు, దీపం పెట్టొచ్చు. కూలిపోయిన ఊరిని మళ్ళీ నిలబెట్టే ఆనందాన్ని ఈ వరుసలో అంతకుముందు ఏ ఆటా ఇవ్వలేదు.

కథాప్రియుడు: సేల్స్‌మన్ కథ బాగా చెప్పారు. ఒక్క సందేహం. మీరు కట్టిన ఊళ్ళో మిగతా జనానికి పేర్లున్నాయా? సెట్లర్ అనే చీటీ తప్ప చాలామందికి పేరే ఉండదు. మీరు రాజభవనం కట్టినా రేకుల షెడ్డు కట్టినా వాళ్ళు అవే రెండు మూడు ముక్కలు గొణుగుతారు. మంచాలు, తిండి, నీళ్ళు, కాపలా లెక్క సరిపోతే సంతోషం శాతం పెరుగుతుంది, అంతే. మీరు ఊరు కట్టారు, నిజమే. ఆ ఊరికి మీరెవరో మాత్రం పట్టదు.

దిమ్మరి: ఊపిరి పోయాల్సింది ఆటగాడే అంటాను. మీకది తప్పించుకునే మాటలా వినిపిస్తే వినిపించనివ్వండి. ఇందాక మీరు మూల్యం లేదన్నారు చూడండి, దానికి బదులిస్తాను. 2016లో సర్వైవల్ మోడ్‌ను కొత్తగా మలిచి ఇచ్చారు. మ్యాప్ మీద వేలు పెట్టి ఎగిరిపోవడం బంద్. ఆకలి, దాహం, నిద్ర, రోగాలు అన్నీ ఉంటాయి. పరుపు మీద పడుకుంటే తప్ప ఆట సేవ్ కాదు. అప్పుడు చూడండి మజా. మీరు వెక్కిరించిన ఆ పల్లెలే ప్రాణం నిలుపుతాయి. దారి మధ్యలో ఒక మంచం, ఒక చేతిపంపు ఉన్న స్థావరం కట్టుకోవడానికి అర్థం వస్తుంది. నాలుగు వీధుల అవతలికి వెళ్ళాలంటే నాలుగుసార్లు ఆలోచిస్తారు. ప్రెస్టన్ పంపిన ఊరికి కూడా విసుక్కోకుండా వెళ్ళాను, అక్కడ నీళ్ళున్నాయని.

కథాప్రియుడు: ఇది నన్ను కదిలించింది. ఆ మోడ్‌లోనే ఆట తన పేరుకు తగ్గట్టుంటుంది. అలా అయితే విడుదలైన రోజున కొన్నవాళ్ళకు దక్కింది సగం ఆటే కదా? ఆ సవరణ కూడా కాళ్ళకూ కడుపుకూ చేసిందే. నోటి తాళం అలాగే ఉంది. ఇక కథ ముగింపు దగ్గరికి వస్తాను, పూర్తి చేయనివాళ్ళు క్షమించాలి. కిడ్నాప్ అయిన పసివాడు షాన్ ఇప్పుడు అరవై ఏళ్ళవాడు. సింత్‌లను తయారుచేసే, అందరూ భయపడే ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతి అతనే. గొప్ప మలుపు! తండ్రి కన్నా వయసులో పెద్దవాడైన కొడుకు, చావుకు దగ్గరైనవాడు. ఇంత పెట్టుబడి పెట్టి ఏం అడగనిచ్చారు? మనుషుల్ని మాయం చేసి వాళ్ళ స్థానంలో సింత్‌లను ఎందుకు పెడుతున్నావురా అని అడిగితే తిన్నగా జవాబు రాదు. అతని పక్షం చేరితే, అతని తర్వాత మీరే అధిపతి అవుతారు. అయినా సింత్‌లను విడిచిపెట్టమని ఒక్క ఆజ్ఞ ఇవ్వలేరు. కుర్చీ మీది, నోరు మాత్రం మీది కాదు.

దిమ్మరి: ఆ ఆజ్ఞ లేకపోవడం నాకూ లోటే. కానీ ఆ చివరి ఘట్టంలో ఒక ధైర్యం ఉంది, దాన్ని మీరు చూడట్లేదు. మీరు చేరగల నాలుగు పక్షాల్లో మూడింటి దారి ఒకేచోట కలుస్తుంది. ఇన్‌స్టిట్యూట్ రియాక్టర్‌ను పేల్చేయాలి. మేడ మీద నిలబడి మీట నొక్కేది మీరే. అణుబాంబు చేత ఇల్లు, సంసారం పోగొట్టుకున్న మనిషి, తిరిగొచ్చి అదే ఊరి నడిబొడ్డున అదే మేఘాన్ని లేపుతాడు. ఈ మనిషి ఏం నేర్చుకున్నాడు అని ఆట మిమ్మల్ని నిలదీస్తున్నట్టే నాకనిపించింది.

కథాప్రియుడు: నిలదీసిందా? నాకు వినిపించలేదే. పేలుడు తర్వాత ఒక చిన్న ముగింపు వీడియో, అందులో నాలుగు గంభీరమైన మాటలు, ఆ తర్వాత మళ్ళీ ఫ్యాన్ల ఏరివేత. అణ్వస్త్రాన్ని ఇంత చులకన చేయడమే నాకు అన్నిటికన్నా నచ్చనిది. రోడ్డు పక్కన ఆగిపోయిన కారును కాలిస్తే చిన్న అణుమేఘం లేస్తుంది. భుజాన పెట్టి అణుగుండు విసిరే ఆయుధానికి నాగసాకి మీద వేసిన బాంబు పేరే, ఫ్యాట్ మ్యాన్ అని పెట్టారు. 2008 నాటి ఫాలౌట్ 3ని జపాన్‌లో అమ్మేటప్పుడు ఆ పేరు మార్చారు, మెగాటన్ ఊరిని అణుబాంబుతో పేల్చే అవకాశాన్నే తీసేశారు. అదే ఆటను ఎక్స్‌బాక్స్ 360 మీద భారత్‌లో విడుదల చేయకూడదని మైక్రోసాఫ్ట్ నిర్ణయించి, సాంస్కృతిక సున్నితత్వాల కారణం చెప్పింది. ఏ అంశమో విడమరచలేదు. రెండు తలల ఆవులకు బ్రాహ్మిన్ అని పేరు పెట్టడమే కావచ్చని అప్పటి వార్తలు ఊహించాయి. ఎదుటివాడి గాయం ఎక్కడుందో అమ్మబోయే రోజున గుర్తొస్తే సరిపోదు, రాసే రోజున గుర్తుండాలి.

దిమ్మరి: ఇందులో సగం ఒప్పుకుంటాను. ఆయుధానికి ఆ పేరు పెట్టాల్సిన పని లేదు. మిగతా సగం మాత్రం వ్యంగ్యం. అణుశక్తితో నడిచే కార్లు, అణువు పేరు పెట్టిన కూల్ డ్రింకు, బాంబులు పడుతున్నా నవ్వుతూ బొటనవేలు చూపించే బొమ్మ కుర్రాడు. ప్రళయాన్ని కూడా సరుకు చేసి అమ్మిన సమాజం మీద ఇరవై ఏళ్ళకు పైగా సాగుతున్న ఎగతాళి ఇది. ఆ కారు పేలినప్పుడు మీకు చిర్రెత్తిందంటే వ్యంగ్యం తగిలినట్టే.

కథాప్రియుడు: ఎగతాళి చేసే సరుకును తానే అమ్ముకుంటుంటే ఎగతాళి పదును పోతుంది. ఆ బొమ్మ కుర్రాడు ఇప్పుడు అంగట్లో బొమ్మగానే దొరుకుతున్నాడు. 2017లో క్రియేషన్ క్లబ్ పేరుతో కవచాలకు, తుపాకులకు ఆటలోనే అంగడి తెరిచారు. వాల్ట్-టెక్ సేల్స్‌మన్ చూస్తే ముచ్చటపడతాడు.

దిమ్మరి: ఈసారి నవ్వించారు. సరే, ఒక్క ప్రశ్న. ఫార్ హార్బర్ ఆడారా?

కథాప్రియుడు: 2016 మే నెలలో వచ్చిన అదనపు అధ్యాయమే కదా. ఆడాను. అడుగుతారని తెలుసు.

దిమ్మరి: అయితే చెప్పండి. మేన్ రాష్ట్ర తీరంలో పొగమంచు కమ్మిన ద్వీపం, మూడు వర్గాలు. డీమా అనే సింత్ మిమ్మల్ని కూర్చోబెట్టి, నీ మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటని అడుగుతాడు. మీరు ఆలోచిస్తారు. బాంబులు పడ్డ రోజు ఉదయానికి ముందు మీకేమీ గుర్తు లేదు, ఎందుకంటే ఆట మొదలైందే అక్కడ. మీరూ సింత్ కాదని ఏమిటి ఆధారం? రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ప్రక్రియనే ప్రశ్నగా మార్చేశారు. ఆ ద్వీపంలో మూడు వర్గాల మధ్య సంధి కుదర్చొచ్చు, దానికి ఒక ఘోరమైన అబద్ధం మొయ్యాలి. మాటతో గెలవొచ్చు, గెలిచినందుకు తలొంచుకోనూవచ్చు. నోటికి తాళం వేసిన సంస్థే ఆ తాళం తీసింది.

కథాప్రియుడు: తీసింది. ఫాలౌట్ 4 మొత్తంలో నేను మళ్ళీ వెళ్ళేది ఆ ద్వీపానికే. కానీ మీ సాక్షి నా తరఫునే మాట్లాడుతున్నాడు. అదే ఇంజిన్, అదే నాలుగు మీటల సంభాషణ, అదే గొంతులు. వాటితోనే ఇంత చేయగలిగారంటే అసలు ఆటలో చేయలేకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదన్నమాట. శ్రద్ధ ఎక్కడ పెట్టాలో ఎంచుకున్నారు, ఊరు కట్టడం మీద పెట్టారు. ఆ ఎంపిక అమ్మకాలకు మంచిదేమో, కథకు కాదు.

దిమ్మరి: అమ్మకాలకే అనకండి. 2016లో డైస్ పురస్కారాల్లో ఏటి మేటి ఆట ఇదే, బాఫ్టా ఉత్తమ ఆట కూడా ఇదే. ది విచర్ 3 బరిలో ఉన్న ఏడాదిలో. కథను ప్రాణంగా చూసే తీర్పరులు కూడా ఈ తిరుగుడులో ఏదో విలువ చూశారు. అంతకన్నా పెద్ద తీర్పు అభిమానులది. ఈ ఆట మీదే లండన్ నగరాన్ని కొత్తగా కట్టి ఫాలౌట్ లండన్ అనే మాడ్‌ను 2024 జులైలో ఉచితంగా ఇచ్చారు. అంత శ్రమ పోయడానికి వాళ్ళకు ఈ ఆటలో ఏదో కనిపించి ఉండాలి.

కథాప్రియుడు: ఆ మాడ్ ఏప్రిల్‌లోనే రావాల్సింది. ఫాలౌట్ టీవీ సిరీస్ వచ్చిన ఊపులో బెథెస్డా వాళ్ళు అదే నెల 25న పాత ఆటకు భారీ అప్‌డేట్ వదిలారు. దాంతో ఎన్నో మాడ్‌లు పనిచేయడం మానేశాయి, లండన్‌వాళ్ళూ మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. నా ఫిర్యాదు మొత్తానికి అదే ఉదాహరణ. ఈ ఆటను ప్రేమించేవాళ్ళు దాన్ని పూర్తి చేస్తూనే ఉంటారు, తయారుచేసినవాళ్ళు వాళ్ళ పని మీదే కాలు వేస్తారు. పూర్తి వాక్యాలు చూపించే మాడ్ నుంచి లండన్ నగరం దాకా ఆటగాళ్ళు నింపింది చూస్తే, ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

దిమ్మరి: ఖాళీ పెద్దదే. అంత ఖాళీ ఇచ్చింది కాబట్టే అంతమంది వచ్చి నింపారు. మీరు దాన్ని లోపం అంటారు, నేను ఆహ్వానం అంటాను. ఇక్కడ మన ఇద్దరికీ కుదరదు. కొత్తగా ఆడేవాళ్ళకు నా సలహా ఒక్కటే. ఒక్కసారి పూర్తి చేశాక సర్వైవల్ మోడ్‌లో మళ్ళీ మొదలుపెట్టండి. ప్రెస్టన్‌ను కాంకర్డ్‌లోనే వదిలేసి, ఎర్రగీత పట్టుకుని నడవండి.

కథాప్రియుడు: నా సలహా వేరు. డైమండ్ సిటీ డిటెక్టివ్ నిక్ వాలంటైన్‌ను కాపాడి వెంట తీసుకెళ్ళండి. చచ్చిపోయిన మనిషి జ్ఞాపకాలు మోస్తున్న ఆ సింత్‌తో కలిసి ఫార్ హార్బర్ ద్వీపానికి పడవ ఎక్కండి. డీమా ప్రశ్నకు జవాబు చెప్పి తిరిగొచ్చాక, షాన్ ముందు నిలబడి అదే స్థాయి మాట ఒక్కటి మాట్లాడించడానికి ప్రయత్నించండి. కుదిరిందో లేదో మీరే చెప్పండి.